ఆందోళన కాదు, రంది

ఎదుటివాళ్ల మనసు చదవడం నేర్పుతామని ఎవరైనా అంటే నమ్మకండి. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ నేను సైకాలజీ డిగ్రీలోకి వచ్చే పిల్లలకు పాఠాలు చెప్పాను. అయినా మా ఆయనకు పొద్దున్నే ఇడ్లీ కావాలో ఉప్మా కావాలో ఈ రోజుకీ అడిగే తెలుసుకుంటాను. అడిగినా నిజం చెప్పడు, అది వేరే సంగతి.

మస్కట్‌లో మనవాళ్ల ఇళ్లల్లో ఏ పుట్టినరోజుకి వెళ్లినా ఎవరో ఒకరు పకోడీ ప్లేటు పట్టుకుని దగ్గరికొస్తారు. "మీరు సైకాలజీ మేడం కదా, నేనిప్పుడేం అనుకుంటున్నానో చెప్పండి చూద్దాం" అంటారు. "నన్ను ఇరుకున పెట్టాలనుకుంటున్నారు" అంటాను. ఇంతవరకూ ఒక్కసారి కూడా గురి తప్పలేదు.

పోయిన ఏడాది రిటైరయ్యాను. కాలేజీవాళ్లు శాలువా కప్పి, పేరు చెక్కిన ఫలకం ఇచ్చారు. అది ఫ్రిజ్ మీద ఉంది. ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఫోన్ చేసి, "మేడం, సిలబస్ పంపుతారా?" అని అడుగుతున్నారు. పంపుతాను, దానికేం భాగ్యం! కానీ అసలు పని సిలబస్‌లో ఉండదు. అది ఎక్కడుంటుందో సహజ అనే అమ్మాయి కథ చెబితే తేలిగ్గా అర్థమవుతుందని ఇది రాస్తున్నాను.

పునాదిలో రాయి

తెలియనివాళ్ల కోసం ఒక మాట. ఇక్కడి కాలేజీల్లో డిగ్రీలోకి నేరుగా వెళ్లలేని పిల్లలకు ముందు ఒక ఏడాది ఫౌండేషన్ ఉంటుంది. ఇంగ్లీషు, లెక్కలు, కంప్యూటరు, అసలు చదవడం ఎలా అనే పాఠం, వీటి మధ్య కాస్తంత సైకాలజీ. ఆ కాస్తంత చెప్పేదాన్ని నేను. ఆ ఏడాది గట్టెక్కితేనే డిగ్రీ.

పిల్లలు ఎన్ని ఆశలతో వస్తారో! ఇబ్రా నుంచి వచ్చిన ఒమానీ కుర్రాడొకడు మొదటి రోజే చెయ్యెత్తి, "మిస్, కలలకు అర్థం చెప్పడం ఏ వారంలో ఉంది?" అని అడిగాడు. "ముందు నీ కలని కామాలూ ఫుల్‌స్టాపులూ పెట్టి ఒక పేరాలో రాసుకురా, తర్వాత చూద్దాం" అన్నాను. వాడి మొహం వేలాడిపోయింది. వారం తర్వాత తెచ్చిన పేరాలో ఒక ఒంటె, వాళ్ల మేనమామ, ఒకే ఒక్క కామా ఉన్నాయి. కామా ఉండాల్సిన చోటే ఉంది. వాడి వీపు తట్టి మరీ మెచ్చుకున్నాను.

డిగ్రీ పాఠాలు చెప్పేవాళ్లు మమ్మల్ని కాస్త తేలిగ్గా చూసేవారు. "మీరింకా కామాల దగ్గరే ఉన్నారా?" అని నవ్వేవారు. నాకు ఒళ్లు మండేది, దాచుకునేదాన్ని కూడా కాదు. పునాదిలో రాయికి పేరు రాదని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. ఇప్పుడు చల్లబడ్డాక చెబుతున్నాను, ఈ చదువులో అసలు సరదా అంతా ఆ మొదటి ఏడాదిలోనే ఉంది. పెద్దపెద్ద మాటలు ఇంకా నోటికి ఎక్కవు గనుక పిల్లలు చూసింది చూసినట్టు చెబుతారు. రెండో ఏడు వచ్చేసరికి మేనత్త మీద కోపాన్ని కూడా నాలుగు సిద్ధాంతాల్లో చుట్టి ఇంగ్లీషులో చెబుతారు.

మా విభాగానికి పెద్ద డాక్టర్ బద్రియా. ఒమానీ ఆవిడ, పొట్టి మనిషి, గట్టి గొంతు. ఆమె గదిలోకి వెళితే ముందు ఖర్జూరం, కహ్వా అనే అరబ్బీ కాఫీ, ఆ తర్వాతే చీవాట్లు. రెండో ఖర్జూరం కూడా చేతిలో పెట్టిందంటే ఆ రోజు చీవాట్లు పెద్దవే అని మాకు అర్థమయ్యేది. ఫౌండేషన్ ఆఖరి టర్మ్‌లో ఒక ప్రాజెక్టు పెట్టింది ఆవిడే. ప్రతి విద్యార్థీ కాలేజీ గోడ దాటి, తనకు పరిచయం లేని మనుషుల దగ్గరికి వెళ్లి, వాళ్ల మనసు సంగతి ఏదో ఒకటి తెలుసుకుని, తల్లిదండ్రులందరి ముందూ హాల్లో చెప్పాలి. అది తప్పితే డిగ్రీ గడప తొక్కనివ్వరు.

ఒక్క ఏడు

సహజ వాళ్ల నాన్న ఓబులేసు గారిది కడప వైపు. అల్ హైల్‌లో ఏసీలు బాగుచేసే వర్క్‌షాపు నడుపుతాడు. సహజ ఇక్కడే ఇండియన్ స్కూల్లో చదివింది. ఇంట్లో కడప తెలుగు, బడిలో ఇంగ్లీషు, వీధిలో హిందీ. అడ్మిషన్ రోజున తండ్రీకూతుళ్లిద్దరూ నా గదికి వచ్చారు. ఆయన కుర్చీలో కూర్చోకుండా ముందు తలెత్తి నా గదిలో ఏసీ శబ్దం విన్నాడు. పెదవి విరిచాడు. ఆ తర్వాత కూర్చున్నాడు.

"మేడం, నిజం చెప్పండి. ఇది పిచ్చోళ్ల సదువంటాండారు మావోళ్లు. పిచ్చోళ్ల మద్దెన ఆడపిల్ల ఏం చేస్తాది?"

"పిచ్చివాళ్ల చదువు కాదు ఓబులేసు గారూ, మనుషుల చదువు. మీకూ నాకూ ఉండే దిగుళ్లు, కోపాలు, మరుపులు, వాటి గురించి."

"నాకు దిగులూ ల్యా, గిగులూ ల్యా మేడం. ఈ దేశంలో ఎండ ఉన్నన్ని దినాలూ నాకు పనుంటాది. ఏసీలు బాగుజేసేటోనికి దిగులేంది?"

సహజని అడిగాను, ఈ చదువే ఎందుకని. టీవీలో చూశాననో, పుస్తకంలో చదివాననో చెబుతుందనుకున్నాను.

"సెలవుల్లో నాయన వర్క్‌షాపులో ఫోన్లెత్తుతా మేడం. ఏసీ పోయిందని ఫోన్ చేసేటోళ్లు ముందు ఏసీ గురించి మాట్లాడరు. ముందు తిడతారు. తర్వాత ఇంట్లో పసిబిడ్డ ఉందనో, రాత్రంతా నిద్ర ల్యాదనో చెప్తారు. ఏసీ సంగతి ఆఖర్న వస్తాది. అది ఎందుకట్ల అని తెలుసుకోవాలని ఉంది."

ఈ పిల్ల మనదే అని నాకు అప్పుడే అనిపించింది. ఇన్నేళ్లలో ఇంతకంటే మంచి జవాబు వినలేదు. ఓబులేసు గారు మాత్రం కూతురి వైపు చూడకుండా నా వైపే వేలు చూపించాడు.

"ఒక్క ఏడు ఇస్తాండా. గట్టెక్కితే సరే. ల్యాకుంటే వచ్చి వర్క్‌షాపు కౌంటర్లో కూర్చుంటాది. ఫోన్లెత్తేదానికి నాకు మనిషి కావల్ల. ఫోన్లయితే బాగా ఎత్తుతాది, అది మాత్రం నిజం."

"ఒక్క ఏడు సాలు నాయనా" అంది సహజ.

ఆ ఏడాది ఆ పిల్ల చదివిన చదువు చూడాలి! ఇంగ్లీషు వ్యాసాలు తిరగరాసి తిరగరాసి తెచ్చేది. లెక్కలంటే భయమని ముందు వరసలో కూర్చునేది. వెనక కూర్చుంటే భయం ఇంకా పెరుగుతుందట. ఇలా పడుతూ లేస్తూ ఆఖరి టర్మ్ దాకా వచ్చింది. ఇక మిగిలింది ప్రాజెక్టు ఒక్కటే.

పొల్లు పోకుండా తెలుగు

ఇంటికి దూరంగా పనిచేసే మనవాళ్లకు మనసులో ఏముంటుందో అడుగుతానంది సహజ. అల్ హైల్‌లోనే ఒక నిర్మాణ కంపెనీ వాళ్ల లేబర్ క్యాంపు ఉంది. అక్కడి ఏసీల పని ఓబులేసు గారిదే. తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు, ఎక్కువగా జగిత్యాల, నిజామాబాద్ వైపు వాళ్లు. ఆయన గొణుక్కుంటూనే క్యాంప్ బాస్ తివారీ గారిని అడిగి అనుమతి తెచ్చాడు.

ఇంగ్లీషు ప్రశ్నపత్రాన్ని సహజ ఫోన్ సాయంతో తెలుగు చేసింది. అందులో ఒక మాటను 'ఆందోలన' అని రాసింది. నేను ఎర్ర పెన్నుతో 'ల' కొట్టేసి 'ళ' పెట్టాను. తెలుగు మాటను తెలుగులా రాయాలమ్మా అని ఒక చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. అక్షరం దిద్దాను గానీ ఆ మాట ఎవరి చెవిలో ఎలా మోగుతుందో అని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

శుక్రవారం మధ్యాహ్నం ముగ్గురం వెళ్లాం. భోజనాలైపోయి మెస్ హాల్లో అందరూ తీరుబాటుగా ఉన్నారు. ఒక మూల క్యారమ్స్ ఆడుతున్నారు. ఓబులేసు గారు నిచ్చెన వేసుకుని ఏసీ మూత విప్పడం మొదలుపెట్టాడు. వాళ్లలో పెద్దాయన లచ్చన్న, షట్టరింగ్ పని చేస్తాడు. మాకు కుర్చీలు తుడిచి వేశాడు. సహజ గొంతు సవరించుకుని చదివింది.

"గడిచిన రెండు వారాల్లో మీరు ఎన్ని రోజులు ఆందోళనలో ఉన్నారు?"

క్యారమ్స్ ఆట ఆగిపోయింది. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లచ్చన్న కుర్చీలో ముందుకు జరిగాడు.

"మేం ఏ ఆందోళనల లేం బిడ్డా. తెలంగాణ వచ్చినంక అన్నీ బంద్ పెట్టినం."

సహజకు ఏమీ అర్థం కాలేదు. బుద్ధిమంతురాలు కదా, కాగితంలో ఉన్నదే మళ్లీ చదివింది. "ఒక్కరోజూ లేదు, కొన్ని రోజులు, దాదాపు ప్రతిరోజూ. వీటిల్లో ఏది అంకుల్?"

"దినాం ఆందోళన జేస్తె డ్యూటీ ఎవలు జేస్తరు బిడ్డా?" అన్నాడు క్యారమ్ బోర్డు దగ్గరి మనిషి. ఇంకొకాయన గొంతు తగ్గించి, "మిమ్ములను ఎవలు వంపిన్రు? కంపెనీయేనా?" అని నన్ను అడిగాడు.

నాకు అప్పుడు వెలిగింది. వెలిగి ప్రయోజనం లేకపోయింది. గుమ్మంలో తివారీ గారు నిలబడి ఉన్నాడు. ఆయనది ఉత్తరప్రదేశ్, తెలుగు ఒక్క ముక్క రాదు. మా మాటల్లో ఆయనకు అర్థమైన ఒక్క మాటా ఇదే. పేపర్లో చదివే మన తెలుగులో ఆందోళనకు రెండు అర్థాలు, ఒకటి గుండెల్లోది, ఒకటి రోడ్డు మీది. హిందీలో మాత్రం ఒకటే అర్థం. జెండాలు, నినాదాలు, సమ్మె.

"ఆందోలన్? మేరే క్యాంప్ మే? కౌన్ కర్ రహా హై ఆందోలన్?"

మొహం పాలిపోయి, మా చేతుల్లోంచి కాగితాలు లాక్కున్నాడు. నిచ్చెన మీదున్న ఓబులేసు గారిని పట్టుకుని, నువ్వు ఏసీలు బాగుచేయడానికి వస్తున్నావా, యూనియన్ పెట్టించడానికి వస్తున్నావా అని అందరి ముందూ అడిగేశాడు. ఏసీ మూత కూడా బిగించనివ్వకుండా బయటికి పంపించాడు.

వ్యాన్‌లో ఓబులేసు గారు రౌండెబౌట్ దాటాక మాట్లాడాడు.

"సాలు మేడం. కాంట్రాక్టు పోతే ఇంకోటి వస్తాది. పేరు పోతే యాడ తెచ్చుకునేది? ఎల్లుండి నుంచి కౌంటర్లో కూర్చుంటాది."

"నాయనా..." అంది సహజ.

"ఏంది?"

"ఏం లేదు నాయనా" అని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆ 'ఏం లేదు' నాకు ఎంత కష్టంగా వినిపించిందో చెప్పలేను. ఏడాది పొడుగునా పడ్డ కష్టం ఒక్క మాట దగ్గర బోర్లా పడింది.

ఘబరాహట్

ఆదివారం పొద్దున డాక్టర్ బద్రియా గదిలో నాకు రెండు ఖర్జూరాలు ఒకేసారి ఇచ్చారు. అయినా ధైర్యంగా అంతా చెప్పాను. మేం మనసు గురించి అడిగితే వాళ్లు సమ్మె గురించి అనుకున్నారని చెప్పేసరికి ఆవిడ నవ్వి నవ్వి కహ్వా ఒలకబోసుకుంది. తర్వాత కళ్లు తుడుచుకుని అడిగింది.

"మా అమ్మమ్మ ఇంట్లో ఆందోళన అనే మాటే లేదు. దిగులు పుడితే 'ఛాతీ ఇరుకైంది' అనేది. నీ విద్యార్థిని ఎప్పుడైనా, దిగులుని ఏమంటావని వాళ్లమ్మని అడిగిందా?"

"లేదు."

"వీళ్లందరూ ఇంట్లో మాట్లాడే భాష ఒకటి, మీరు పట్టుకెళ్లిన భాష ఇంకొకటి. వెళ్లి సరిచేసుకోండి. ప్రాజెక్టు రద్దు కాలేదు."

తప్పు ఎవరిదని అడగలేదు, ఇప్పుడేం చేస్తారని మాత్రమే అడిగింది. నేను చాలామంది పైఅధికారుల కింద పనిచేశాను. మొదటిది అడిగేవాళ్లు బోలెడుమంది. రెండోది అడిగే మనిషి మీకు దొరికితే జీతం కొంచెం తక్కువైనా ఆ ఉద్యోగం వదలకండి.

ఆ సాయంత్రమే నిజ్వా హల్వా డబ్బా ఒకటి పట్టుకుని తివారీ గారి ఆఫీసుకి వెళ్లాను. మా ఆయన కారులో కూర్చుని, "ధర్నాకి నేనెందుకు, నువ్వెళ్లిరా" అన్నాడు. నాకొచ్చిన హిందీ అంతా కూడగట్టుకున్నాను. "తివారీజీ, వో ఆందోలన్ నహీ. తెలుగు మే ఉస్ కా మత్లబ్ ఘబరాహట్ హై." గుండెదడ, గాభరా అని చెప్పానన్నమాట.

ఆయన హల్వా డబ్బా బల్ల మీద పెట్టేశాడు.

"ఘబరాహట్? అరే మేడంజీ, ఘబరాహట్ తో ముఝే హై!"

గాభరా అసలు తనకేనట. ఇక చూడండి! పొద్దున్నే సైటుకి బస్సు రాకపోతే ఆయనకే ఫోన్, నీళ్ల ట్యాంకర్ ఆలస్యమైతే ఆయనకే, ఎవరికి జ్వరమొచ్చినా ఆయనకే. మొన్న శుక్రవారం 'ఆందోలన్' అన్న మాట వినగానే తన ఉద్యోగం ఊడిందనే అనుకున్నాడట. రెండు టీలు అయ్యేదాకా చెబుతూనే ఉన్నాడు, సగం హల్వా కూడా ఆయనే తిన్నాడు. చివరికి కంపెనీ ఆఫీసుకి ఫోన్ చేసి, జరిగింది చెప్పి, వాళ్ల అనుమతి తీసుకున్నాడు. ఓబులేసు గారికి కూడా ఆయనే ఫోన్ చేసి, మూత బిగించకుండా పోయావేమని ఎదురు దబాయించాడు. నాకు ఒకే ఒక్క షరతు పెట్టాడు, కాగితాలు తేవద్దని, టీ తాగుతూ మాట్లాడుకోమని. "కాగజ్ మత్ లానా. చాయ్ పియో, బాత్ కరో."

ఓబులేసు గారు ఒప్పుకున్నాడు, తప్పదన్నట్టు. "పొయ్యి రాండి. ఇదే ఆఖరు."

కాగితం లేని శుక్రవారం

సహజ వాళ్లమ్మ పెద్ద గిన్నె నిండా ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు చేసి పంపింది. బొరుగులతో ఇంత బాగా చేయొచ్చా అని క్యాంపులో ఒకటే ఆశ్చర్యం. ఓబులేసు గారు పోయిన వారం వదిలేసిన ఏసీ దగ్గర మళ్లీ నిచ్చెనెక్కాడు. తింటున్నంతసేపూ బాగానే ఉంది. గిన్నె ఖాళీ అయ్యాక సహజ ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది. చేతిలో కాగితం లేదు. ఏం అడగాలో తెలియదు. నేను సాయం చేద్దామని నోరు తెరిచి, ఎందుకో మూసుకున్నాను. నా ఉద్యోగం మొత్తంలో నేను చేసిన తెలివైన పని అదేనేమో.

లచ్చన్నే అడిగాడు. "ఏం బిడ్డా, మొఖం గట్ల గుంజుకపోయింది?"

"ఏం లేదు పెద్దనాయనా" అంది అలవాటుగా. పోయిన వారం 'అంకుల్' అన్న పిల్ల. తర్వాత ఏమైందో, గబగబా చెప్పేసింది. "ఈ ప్రాజెక్టు పోతే నా సదువు పోతాది. నాయన ఒక్క ఏడే ఇచ్చినాడు. నెల నుంచి నిద్ర పట్టడం ల్యా. అన్నం తింటే దిగడం ల్యా. ఇంట్లో ఎవురికీ చెప్పలే."

"అయ్యో, గింతదానికే రంది వెట్టుకుంటవా? రంది వెట్టుకుంటె పానం ఖరాబైతది బిడ్డా."

"రంది అంటే?"

అందరూ నవ్వారు. "రంది అంటె రందే!" అన్నారు. నేను గోదావరి దాన్ని, మా ఇళ్లల్లో దాన్ని బెంగ అంటాం. సహజ వాళ్లింట్లో దిగులు. వీళ్ల ఇళ్లల్లో రంది. అంతా తెలుగే, కానీ ఒకరి ఇంటి మాట ఇంకొకరి ఇంటి తలుపు తీయదు. క్యారమ్స్ మనిషి విడమరచి చెప్పాడు. "ఇంటికి ఫోన్ జేసి, మాట్లాడి పెట్టేస్తం సూడు. పెట్టేసినంక ఊకెనే గోడను జూసుకుంట కూసుంటం. గదే రంది."

"మరి మీకుందా?"

"ఎవలకు లేదు బిడ్డా?"

అంతే, ఇక ఆపేవాళ్లు లేరు. ఒకాయన కూతురు ఇంటర్ పరీక్షలు రాస్తోందట. ఫోన్ చేస్తే చదువు చెడుతుందని చేయకుండా చెయ్యి కట్టేసుకుని కూర్చున్నాడు. ఇంకొకాయన బర్రె ఈనిందట, దూడను వీడియోలో చూపిస్తే సిగ్నల్ సరిగా లేక నలుపో గోధుమో తెలియలేదు, రెండు రోజులుగా అదే రంది. అందరూ పడీపడీ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు గానీ, దూడ రంగు మాత్రం ఆయనకు నిజంగానే కావాలి.

లచ్చన్న అందరి తర్వాత మాట్లాడాడు. "ఇంటికాడ ఏమన్న అయితె నాకు జెప్పరు బిడ్డా. అంతా మంచిగున్నది అంటరు. మంచిగున్నది అంటెనే నాకు రంది."

"మరి మీరు ఇంటికి ఫోన్ చేస్తే ఏం చెప్తారు పెద్దనాయనా?"

"నేను గూడ గదే జెప్త" అన్నాడు లచ్చన్న. హాలంతా ఘొల్లుమంది.

నేను నవ్వుతూనే పైకి చూశాను. ఓబులేసు గారు నిచ్చెన మీద ఏసీ జల్లెడ చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. జల్లెడలోని దుమ్మంతా ఆయన తల మీద పడుతోంది. దులుపుకోవడం లేదు.

వచ్చేముందు సహజ అందరినీ అడిగింది, ఈ మాటలు కాలేజీలో చెప్పొచ్చా అని. "జెప్పు, పేర్లు మాత్రం జెప్పకు. మా ఇంటిదానికి ఎర్కైతె మల్ల రంది వెట్టుకుంటది" అన్నాడు లచ్చన్న. ఆ మాట నాకూ వర్తిస్తుంది గనుక ఇక్కడ రాసిన పేర్లన్నీ మార్చాను.

తిరిగి వచ్చేటప్పుడు ఓబులేసు గారు వ్యాన్ ఆపి, ముగ్గురికీ కరక్ టీ తెచ్చాడు. కూతురి కప్పు తనే ఊది చల్లార్చి ఇచ్చాడు.

తెర మీద మూడు మాటలు

ప్రాజెక్టు చెప్పే రోజు హాలు నిండిపోయింది. తెల్లటి దిష్‌దాషాల్లో తండ్రులు, అబాయాల్లో తల్లులు, మన చీరలు, సల్వార్లు. మా ఇబ్రా ఒంటె కలల కుర్రాడి తాతగారు కూడా వచ్చాడు. ఓబులేసు గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని నా పక్కనే కూర్చున్నాడు. ముందుగా హాల్లో ఏసీ శబ్దం విన్నాడు. ఈసారి పెదవి విరవలేదు.

సహజ తన తెర మీద మూడు మాటలే పెట్టింది, తెలుగు అక్షరాల్లో, ఇంతింత పెద్దవి. మొదట ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తానంది. నేనే వద్దన్నాను. రంది అన్న మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే హిందీవాళ్లు దాన్ని ఎలా చదువుతారో ఇక్కడ చెప్పడం మర్యాద కాదు. ఒక ఆందోళన చాలు, రెండోది పడలేం. అలా తెలుగులో పెట్టడం వల్ల జరిగిన మేలు నేను ముందు ఊహించలేదు. సహజ చెబుతున్న ఇంగ్లీషు ఓబులేసు గారికి అందడం లేదు గానీ, తెర మీద మాటలు అందాయి. ఒక్కొక్కటీ కూడబలుక్కుంటూ పైకే చదివాడు. "బెంగ... దిగులు... రంది."

పిల్ల ఎంత బాగా చెప్పిందో! మొదటి శుక్రవారం ఎలా తన్ని తరిమేశారో దాచకుండా చెప్పింది. ఆందోలన్ దగ్గర హాలంతా నవ్వింది. అడిగినంతసేపూ ఎవరూ చెప్పలేదని, తన దిగులు తాను చెప్పాకే వాళ్లు చెప్పారని అంది. చివరికి మధ్య మాట మీద వేలు పెట్టి, "ఇది మా నాన్నగారి మాట. తనకు అది లేదని ఆయన చెబుతారు" అని ముగించింది. నేను ఓబులేసు గారి చెవిలో తెలుగు చేసి చెప్పాను. ఆయన ముందు బిత్తరపోయి, తర్వాత అందరికంటే గట్టిగా నవ్వాడు. డాక్టర్ బద్రియా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. సహజ గట్టెక్కింది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

ఆ తర్వాత పార్కింగ్‌లో నా కారు దగ్గరికి ఓబులేసు గారు వచ్చాడు. సహజ దూరంగా స్నేహితులతో ఫోటోలు దిగుతోంది.

"మేడం, ఇది ఇంకా ఎన్నేండ్లు?"

"నాలుగేళ్లు ఓబులేసు గారూ." బేరం మొదలవుతుందనుకుని నేను నడుం బిగించి నిలబడ్డాను.

ఆయన కూతురి వైపు చూస్తున్నాడు. "మా పాప నిద్రపోవడం ల్యాదని, ఎవురో పరాయి మనిషికి చెప్తాంటే నిచ్చెన మింద నిలబడి ఇన్నా మేడం. ఇంట్లో అడిగితే ఏం లేదు నాయనా అంటాది. నేనూ అదే అంటా. అందరం కడుపులో ఇంతింత దిగులు పెట్టుకోని, ఏం లేదు ఏం లేదు అనుకుంటా తిరుగుతాండాం. ఇదంతా నేర్చుకునేదానికి నాలుగేండ్లు యాడ సాల్తాయి మేడం?"